కుడితి తొట్టి దగ్గర



మన వైపు రైతుల నోట రెండు సామెతలు జంటగా తిరుగుతుంటాయి. అశ్విని కురిస్తే అంతా నష్టం అన్నది ఒకటి. భరణి కురిస్తే ధరణి పండును అన్నది రెండోది. అశ్విని కార్తె ఏప్రిల్ 13, 14 తేదీల్లో మొదలవుతుంది. భరణి ఆ నెల 27 ప్రాంతంలో వస్తుంది. రెంటికీ మధ్య ఎడం మహా అయితే రెండు వారాలు. మబ్బు అదే, నీళ్లూ అవే. మారిందల్లా చేను. అశ్విని నాటికి దాళ్వా వరి కంకి బరువుకి వంగి కోతకి సిద్ధంగా ఉంటుంది, లేదంటే కోసి కళ్లంలో ఆరబోసి ఉంటుంది. భరణికల్లా గింజ గాదెకో మిల్లుకో చేరిపోతుంది. ఖాళీ అయిన నేల మీద నాలుగు చినుకులు పడితే వేసవి దుక్కికి మెత్తబడుతుంది.

అయితే సామెత కూడా ఒక్కోసారి తప్పుతుంది. 2023లో ఏప్రిల్ నెలాఖరు నుంచి మే మొదటి వారం దాకా వానలు పట్టుకున్నాయి. కార్తె చూస్తే భరణే. కానీ గోదావరి జిల్లాల్లో చాలాచోట్ల ధాన్యం ఇంకా కళ్లాల్లోనే, రోడ్ల వారనే ఉండిపోయింది. బరకాలు కప్పినా అడుగునుంచి నీళ్లూరి గింజలు మొలకెత్తాయి. ధరణి పండాల్సిన వానకి రాశిలో వడ్లే మొలిచాయి.

మాఘం వెళ్లి వైశాఖం వచ్చేదాకా మన ఆకాశాన్ని నమ్మడానికి లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందని దుప్పటి మడతపెట్టేస్తాం. ఆ మర్నాడే కొల్లేరు మీద నుంచి మంచు లేచి, ఏలూరు దగ్గర హైవే మీద లారీలు పట్టపగలు లైట్లేసుకుని నెమ్మదిగా కదులుతాయి. పదయ్యేసరికి మాడు పగిలే ఎండ. సాయంత్రం నాలుగింటికి పడమట నల్లగా కమ్ముకొస్తుంది. సముద్రం వైపు నుంచి తేమ గాలి, ఎగువనుంచి పొడిగా వేడిగా ఇంకో గాలి. ఆ రెండూ ఎదురుపడే గీత వెంబడి మబ్బులు నిలువుగా పెరుగుతాయి. వార్తల చివర ద్రోణి, ద్రోణి అని రోజూ చెప్పేది ఆ గీత గురించే. అది కాస్త ఇటు జరిగితే చింతలపూడిలో గాలివాన, కాస్త అటు జరిగితే కైకలూరులో ఉత్త ఉక్కపోత.

ఇక్కడే నాకెప్పుడూ ఒక సందేహం. ఈ రోజుల్లో మన ప్రాంతం నుంచి దేవుడికి అందే అర్జీలన్నీ ఒకచోట పేరిస్తే ఎలా ఉంటుంది? లింగపాలెం మెట్టలో మామిడి తోట ఉన్నాయనకి గాలి లేని వాన కావాలి. కాయ ఊరాలి, తొడిమె మాత్రం ఊడకూడదు. పెదవేగిలో పామాయిల్ వేసినాయన ఎంత వానైనా రానీ, నాలుగు రోజులు బోరు ఆపుకుంటానంటాడు. ఆ పక్క చేలోనే మొక్కజొన్న ఒలిచి ఆరబోసిన మనిషి, ఈ వారం ఆగు స్వామీ అని చేతులు జోడిస్తాడు. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు రైతుదీ అదే మాట. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల లారీ దిగాల్సి ఉంటే హమాలీ నుంచి షావుకారు దాకా అందరూ మబ్బు వంకే చూస్తుంటారు. తడిసిన ఉల్లి ఎన్నాళ్లో ఆగదు మరి. ఇటుక బట్టీ వాళ్లకి పచ్చి ఇటుక ఎండాలి. అదే ఊళ్లో మంచినీళ్ల చెరువు అడుగంటిందని బిందెలు పట్టుకు తిరిగే ఆడవాళ్లు ఒక్క గట్టి వాన పడితే చాలంటారు. అందరూ భక్తులే. ఒకే గుళ్లో, ఒకే సాయంత్రం, ఒకే పళ్లెంలో హారతి కళ్లకద్దుకున్నవాళ్లే. ద్వారకా తిరుమల కొండ మీద నిలబడ్డ చిన వెంకన్న ఎవరి మాట వినాలి?

కొల్లేరు వైపు దిగితే అర్జీ ఇంకో రకంగా ఉంటుంది. చేపల చెరువు వాళ్లకి వానంటే అంత భయం లేదు, ఎండంటేనూ లేదు. వాన పడకుండా మూసుకున్న మబ్బు, ఆకు కదలని ఉక్క, అదీ వాళ్ల భయం. నీళ్లలో ఉండే పచ్చటి నాచు పగటి ఎండకి ప్రాణవాయువు వదులుతుంది. మబ్బు పడితే ఆ పని కుంటుపడుతుంది. రాత్రయ్యాక చేపా, నాచూ, అడుగున కుళ్లే బురదా అన్నీ పీల్చుకునేవే గాని వదిలేది ఏదీ లేదు. తెల్లవారుజాము మూడు దాటాక నీళ్లలో గాలి బొత్తిగా తగ్గిపోతుంది. డీఓ పడిపోయింది అంటారు. అప్పుడు బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

చెరువు గట్టు మీద గుడిసెలో కాపలా ఉండే మనిషి ఆ వేళకి లేస్తాడు. టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతాడు. కుక్క ముందు నడుస్తుంది. లైటు నేరుగా నీళ్ల మీద వెయ్యడు, వారగా వేస్తాడు. మూలల్లో కాసేపు ఆగుతాడు. చూడడం కన్నా ముందు వింటాడు. నీటి మీద నోళ్లు తెరుచుకుని మూసుకునే చప్పుడు చాలా చిన్నది. పది చేపలైతే తెలియదు, వందలైతే తెలుస్తుంది. అది వినపడిందా, ఇంజను వెయ్యడం, ఏరేటర్లు తిప్పడం, యజమానికి ఫోను కొట్టడం. తెల్లారాక మేత వెయ్యరు. మామూలు రోజైతే చెరువులో వరసగా పాతిన కర్రలకి చిల్లుల సంచులు కట్టి, వాటిలో తవుడూ చెక్కా నింపి వదులుతారు. చేపలు వచ్చి సంచులు పొడుచుకు తింటాయి. ఆ పూటకి సంచులు గట్టు మీదే ఉంటాయి.

సూర్యోదయానికి గంటన్నర ముందు మొదలయ్యే కాలాన్ని మన పెద్దలు బ్రాహ్మీ ముహూర్తం అన్నారు. జపానికీ ధ్యానానికీ అదే మంచి వేళ అన్నారు. కాపలా మనిషిని పట్టుకుని ధ్యానం చేస్తావా అని అడిగితే నవ్వుతాడు. ఆ చేపలు ఇంకొన్నాళ్లకి ఐసు పెట్టెల్లో కలకత్తా లారీ ఎక్కేవే కదా అని మీరూ నవ్వొచ్చు. నిజమే. కానీ మాటా పలుకూ లేకుండా, వేరే ప్రాణుల ఊపిరి మీద చెవి పెట్టి చీకట్లో తిరుగుతున్న మనిషికి ఉన్న నిలకడ, పట్టుబట్ట కట్టుకు కూర్చున్న నాకు రాలేదు. కళ్లు మూసుకోగానే కరెంటు బిల్లు గుర్తొస్తుంది.

పొద్దుటి పూట భక్తి మన ఊళ్లకి చాలా ఏళ్లు రేడియోలోంచే వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి భక్తిరంజని వినకుండా తెల్లారని ఇళ్లు ఎన్నో. దాన్ని తీర్చిదిద్దిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1920లో నిడదవోలులో పుట్టారు. తాడేపల్లిగూడెం నుంచి రైలెక్కితే కాసేపట్లో వచ్చే ఊరే. రామాయణ భారతాలు చెప్పి, శ్రోతల ఉత్తరాలు విప్పి ధర్మసందేహాలు తీర్చిన ఉషశ్రీగారు, అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928లో కాకరపర్రులో పుట్టారు. అదీ గోదావరి గట్టు ఊరే.

వాళ్ల గొంతులు ఇంట్లో ఎక్కడినుంచి వినపడేవో గుర్తు తెచ్చుకోండి. దేవుడి గూట్లో రేడియో పెట్టుకున్న ఇల్లు నేను చూడలేదు. వసారాలో కిటికీ మీద ఉండేది, లేదా పశువుల కొట్టంలో గుంజకి మేకు కొట్టి తగిలించేవారు. అన్నమయ్య కీర్తన ఒక పక్క, గేదె పొదుగు కింద తపేలాలో పాలధార చప్పుడు ఒక పక్క. ఉషశ్రీగారి గొంతు గట్టిది కాబట్టి తొట్టిలో కుడితి కలుపుతూ విన్నా ఒక్క ముక్క పోయేది కాదు. పని చేసుకుంటూ భక్తి వినడం అపచారం అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇప్పుడు తెల్లవారుజామునే గుడి మైకు, చర్చి మైకు, మసీదు మైకు పోటీపడి మోగుతున్నాయి గాని, చెవి అప్పగించి వినే కొట్టాలు తగ్గిపోయాయి. కొట్టమే లేదు, ఇక గుంజ ఎక్కడిది?

మన పల్లెల్లో పెద్దావిడ పొద్దున్న లేచి చేసే పనుల వరస ఒకసారి చూడండి. ముందు కొట్టంలో పేడకళ్లు తీస్తుంది. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేస్తుంది. పిండి ముగ్గయితే దానికి చీమలు వస్తాయి, పిచ్చికలు వస్తాయి. రాత్రి కడిగిన బియ్యం నీళ్లు, గంజి, మిగిలిన మెతుకులు కలిపి చిట్టూ తవుడూ వేసి గేదెకి కుడితి పెడుతుంది. దూడని వదులుతుంది, అది నాలుగు గుక్కలు తాగాక లాగి కడుతుంది. పాలు తీస్తుంది. గుమ్మంలో తోకాడిస్తున్న కుక్కకి ఓ ముద్ద పడేస్తుంది. కాళ్ల సందున తిరిగే పిల్లికి చిప్పలో పాలు. ఇవన్నీ అయ్యాక గాని కాళ్లు కడుక్కుని దీపం దగ్గరకి వెళ్లదు. ఈ వరస ఆవిడకి ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. గృహస్థుకి శాస్త్రం చెప్పిన అయిదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తాను తినకముందు కుక్కకీ కాకికీ పురుగుకీ ఇంత పెట్టడమే ఆ యజ్ఞం. హోమగుండం అక్కర్లేదు, పురోహితుడు అక్కర్లేదు, దక్షిణ అంతకన్నా అక్కర్లేదు. అందుకేనేమో దాని గురించి ఎవరూ మైకులో చెప్పరు.

ఏలూరులో పాత వీధులకి వెళ్తే ఇదే సంగతి మూడు రకాలుగా వినపడుతుంది. తమ్మిలేరు ఒడ్డున ఉండే ఒక ముస్లిం పెద్దాయన వేసవి మొదలవగానే ఇంటి ముందు మట్టి చిప్పలో నీళ్లు పెడతారు. ప్రవక్త చెప్పిన కథ ఆయనకి కంఠతా వచ్చు. దప్పికతో బావిలోకి దిగి నీళ్లు తాగి పైకొచ్చిన మనిషికి, తడి మట్టి నాకుతున్న కుక్క కనపడుతుంది. వాడు మళ్లీ బావిలోకి దిగి, తోలు మేజోడులో నీళ్లు నింపి, దాన్ని పళ్ల మధ్య పట్టుకుని పైకెక్కి కుక్కకి తాగిస్తాడు. ఆ ఒక్క పనికి దేవుడు వాడి పాపాలు మన్నించాడని కథ. శ్రమదినాల్లో రోజుకో వాక్యం ధ్యానించే క్రైస్తవుల ఇంట్లో అడిగితే, నీతిమంతుడు తన పశువు ప్రాణం గురించి ఆలోచిస్తాడని సొలొమోను సామెతల్లో ఉందంటారు. మన పురాణం వాళ్లం మాత్రం ధర్మరాజు కుక్క దగ్గర మొదలెట్టి అక్కడే ఆగిపోతాం. స్వర్గం గుమ్మం దాకా వెంట వచ్చిన కుక్కని వదలనన్నాడు, అది యమధర్మరాజే అని తేలింది, కథ కంచికి. నాకు ఆ కథ మీద చిన్న ఫిర్యాదు ఉంది. చివరికి అది దేవుడని తేలాక, మామూలు కుక్కని ఆదరించిన గొప్ప ఎక్కడ మిగిలింది?

అసలు భారతం మొదలయ్యేదే ఇంకో కుక్కతో. దాన్ని ఎవరూ తలుచుకోరు. జనమేజయ మహారాజు కురుక్షేత్రంలో దీర్ఘసత్రయాగం చేస్తున్నాడు. సరమ అని దేవతల కుక్క ఒకటి ఉంది. దాని పిల్ల ఆడుకుంటూ యాగశాలలోకి వచ్చింది. హవిస్సు ముట్టలేదు, నాకలేదు, కనీసం దాని వంక చూడను కూడా లేదు. కుక్క కాబట్టి రాజు తమ్ముళ్లు ముగ్గురూ కలిసి బాదారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకి పోయింది. తల్లి ఏమడిగిందో చూడండి. నువ్వేదో తప్పు చేసే ఉంటావు అంది. మన ఇళ్లలో తల్లులు అడిగే మాటే అది. ఏమీ చెయ్యలేదమ్మా అంది పిల్ల. అప్పుడు సరమ యాగశాలకి నడిచి వెళ్లి, కొలువులో అందరి ముందూ రాజునే నిలదీసింది. నా బిడ్డ చేసిన తప్పేమిటి? జవాబు లేదు. తగునా తగదా అని ఆలోచించకుండా ఏమీ చెయ్యని సాధు ప్రాణుల్ని హింసించేవాళ్లకి, కారణం తెలియని భయాలు వచ్చి మీద పడతాయని చెప్పి వెళ్లిపోయింది.

గమనించండి, అది దేవుడి రూపం దాల్చలేదు. చివరి వరకూ కుక్కగానే ఉంది. శపించానని కూడా అనలేదు, ఇలా జరుగుతుంది అని చెప్పింది. రాజు బెదిరిపోయి, యాగం అయ్యాక శాంతి చేయించే పురోహితుడి కోసం ఊళ్లు పట్టుకు తిరిగాడు. నన్నయగారు ఆంధ్ర మహాభారతంలో కథ ఎత్తుకున్న కాసేపటికే ఈ ఘట్టం వస్తుంది. ఆయన ఆ భారతం రాసింది రాజరాజనరేంద్రుడి కోసం, రాజమహేంద్రవరంలో. ఆ రాజుది వేంగీ చాళుక్య వంశం. ఆ వేంగి మన ఏలూరు పక్కనున్న పెదవేగే. అంటే తెలుగులో మొదటి కావ్యం మన రాజుగారి కొలువులో చదివినప్పుడు, ఆ కొలువు ముందుగా విన్న న్యాయం ఒక కుక్కపిల్లది. యాగశాలలోకి కుక్క వస్తే మనం ఇప్పుడూ కర్రే తీస్తాం. ఈసారి పెళ్లిపందిట్లో విస్తళ్ల దగ్గర చూడండి.

జంతువుల మీద మన ప్రేమ గురించి చెబుతూ గోదావరి వాళ్లం ఒక సంగతి దాటేస్తాం. సంక్రాంతి పుంజు. ఏడాదంతా దానికి జీడిపప్పు, బాదంపప్పు పెడతారు. చెరువులో ఈత కొట్టిస్తారు. వేడినీళ్లతో ఒళ్లు కాపుతారు. ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే పక్కింటి మాత్ర, పుంజుకి దగ్గొస్తే పశువుల డాక్టరు. అది ప్రేమ కాదని నేను అనలేను. ఆ పెంచిన చేత్తోనే కాలికి కత్తి కడతారు. కాకి, డేగ, నెమలి, సవల అని రంగుల పేర్లు, కుక్కుట శాస్త్రం అని ఒక శాస్త్రం. అమ్మవారి జాతరలో వేటపోతు సంగతైనా నాకు కొంత అర్థమవుతుంది, దాని వెనక ఆకలి ఉంది, మొక్కు ఉంది. పుంజు విషయం మాత్రం ఎన్ని సంక్రాంతులు చూసినా మింగుడు పడలేదు. పండగ వెళ్లిపోయి వసంతం వచ్చాక, గెలిచి బతికిన పుంజు ఒంటి కన్నుతో వాకిట్లో తిరుగుతూ ఉంటుంది. దానికి అప్పుడు బాదంపప్పు పెట్టేవాళ్లు తక్కువ.

పుంజు సంగతి అలా ఉంచండి. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండకి ఎప్పుడైనా వెళ్లారా? క్రీస్తుకి పూర్వమే బౌద్ధ భిక్షువులు ఆ రాతిని తొలిచి నివాసాలు చేసుకున్నారు. గుండ్రటి చైత్యం ఒకటి ఉంది. లోపల నిలబడి పైకి చూస్తే రాతిలోనే వాసాలు చెక్కి ఉంటాయి, అచ్చంగా మన తాటాకు గుడిసె లోపలి కప్పు. భిక్షువులకి వానాకాలం మూడు నెలలు ఒకచోటే ఉండాలని నియమం. ఆ నియమం ఎందుకొచ్చిందో వాళ్ల వినయ గ్రంథాల్లో చెప్పారు. వానల్లో తిరుగుతూ పచ్చటి పైరు తొక్కేస్తున్నారు, చిన్న చిన్న పురుగుల్ని చంపేస్తున్నారు అని జనం గోల పెట్టారట. బుద్ధుడు వెంటనే విన్నాడు. సన్యాసులకి కూడా కాలం చూసి, చేను చూసి, పురుగుని చూసి అడుగు వేయమని నేర్పింది మామూలు జనమే అన్నమాట. ఈ ముక్క నాకు ఆ రాతి వాసాల కన్నా నచ్చింది.

ఇక కొల్లేరు సరస్సులో కొల్లేటికోట. ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ జాతర. ఒకప్పుడు చుట్టూ నీళ్లే. తాటిదోనెల్లో, పడవల్లో అమ్మవారి దగ్గరకి వెళ్లేవారు. ఇప్పుడు రోడ్డు పడింది, ఆటోలు పోతున్నాయి. జాతర సమయానికి సరస్సు నీళ్లు లాగేస్తుంటాయి. వేసవి ముదిరితే ఉప్పుటేరు మీదుగా సముద్రం ఉప్పు ఎగదన్నుతుంది. లంక గ్రామాల చుట్టూ కనుచూపు మేర నీళ్లు, తాగడానికి మాత్రం టిన్నులు కొనుక్కోవాలి. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2006లో అభయారణ్యంలో చేపల చెరువుల గట్లు పేల్చారు. అందులో ఎవరిది న్యాయం, ఎవరి పొట్ట కొట్టారు అన్నది ఒక ప్రసంగంలో తేలేది కాదు, పైగా లంకల్లో ఒక్కో ఇంటికీ ఒక్కో కథ ఉంది.

అది వదిలేసి పిట్టల సంగతి ఒకటి చెబుతాను. ఆరేడు అని పశ్చిమ గోదావరిలో ఒక ఊరు. 1940ల్లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు ఆ ఊళ్లో గూడబాతుల కాలనీని చూసి లోకానికి చెప్పాడు. కేరళలో ఆయన్ని ఇందుచూడన్ అంటే గుర్తుపడతారు. అడవిలో కాదు, ఊరి మధ్య చెట్ల మీద ఆ పెద్ద పెద్ద పక్షులు వందల కొద్దీ గూళ్లు కట్టాయి. ఒక్కసారి ఊహించండి. సంచి ముక్కుతో, మనిషి నడుం ఎత్తు పక్షి. పిల్లలకి చేప తెచ్చి పెడుతుంటే సగం కింద పడుతుంది. వాకిలంతా రెట్ట. కిందనే మీ పెరట్లో ఆరేసిన బట్టలు. అయినా ఊరివాళ్లు చెట్లు నరకలేదు, రాళ్లు వెయ్యలేదు. ఏటా వచ్చేవి వచ్చాయి, పోయేవి పోయాయి. 1970ల్లో ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. ఇప్పుడు వాటిని చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాక వెళ్లాలి. చెట్లు చాలక అటవీ శాఖ వాళ్లు చెరువులో ఇనప స్టాండ్లు పాతారు. వాటి మీదే గూళ్లు పెట్టుకుని పిల్లల్ని లేపుతున్నాయి. పడవెక్కి దగ్గరగా వెళ్తే వాసన గుప్పున కొడుతుంది, అది చెప్పకుండా ఫొటోలు మాత్రమే చూపిస్తారు. ముక్కు మూసుకోనివాళ్లే ఆరేడులో అన్నాళ్లు వాటి కింద కాపురం చేశారు. అంతకు మించిన తపస్సు నాకు తెలియదు.

పిట్టల నుంచి మళ్లీ పశువుల దగ్గరకి వద్దాం. ఉగాది నాడు పంచాంగ శ్రవణానికి వెళ్లేవాళ్లు ఒక విషయం గమనించే ఉంటారు. రాజు ఎవరు, మంత్రి ఎవరు అన్నంతవరకు అందరూ వింటారు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చెప్పేటప్పుడు చెవులు నిక్కబొడుచుకుంటాయి. మధ్యలో మేఘాధిపతి, సస్యాధిపతి వస్తారు. ఆ తర్వాత పశుపాలకుడు అని ఒకరు, గోష్ఠప్రాపకుడని ఇంకొకరు, గోష్ఠాద్బహిష్కర్త అని మరొకరు. పశువుల్ని కాచేవాడు, కొట్టంలోకి చేర్చేవాడు, పొద్దున్నే బయటికి తోలేవాడు. ఏడాది జాతకంలో గొడ్డూ గోదాకి కూడా ముగ్గురు అధికారుల్ని వేశారు పెద్దలు. సిద్ధాంతిగారు ఆ భాగం గబగబా చదివేస్తారు, వినేవాళ్లకి కొట్టాలు లేవని ఆయనకీ తెలుసు. కుక్కకీ పిల్లికీ మాత్రం పంచాంగంలో ఏ అధికారీ లేడు.

మా ఇంటి కుక్క పేరు కర్రోడు. వీధిలో పుట్టి మా గుమ్మంలో పెరిగింది. వేరే కుక్కలకి టైగరు, టోనీ అని పేర్లున్నాయి గాని దీని రంగు చూశాక ఇంకో పేరు తోచలేదు. లారీలంటే లెక్కలేదు, పాములంటే లెక్కలేదు. ఉరుము వినపడితే మాత్రం నవారు మంచం కిందకి దూరి వణుకుతుంది. మనకి ఇంకా మబ్బు కనపడకముందే దూరుతుంది. మొదట్లో పిలిచి, తిట్టి, బయటికి లాగేవాళ్లం. ఇప్పుడు అది దూరగానే ఇంట్లో వాళ్లు మేడెక్కి వడియాలు తీసేస్తున్నారు. పిల్లి వేరే రకం. వాన వస్తే బియ్యం డ్రమ్ము ఎక్కి ముడుచుకుని పడుకుంటుంది, ప్రపంచంతో పని లేదు. దాళ్వా కోసిన చేలల్లో మందలు తిప్పే బాతుల వాళ్లని అడగండి, గాలివానకి సంబరపడే జీవి బాతు ఒక్కటే అంటారు. మోడు చేలో నీళ్లు నిలిస్తే రాలిన గింజా, నత్తలూ అన్నీ దానివే. మర్నాడు వల దడిలో గుడ్లు కూడా ఎక్కువ దొరుకుతాయట.

వైశాఖం దాటేదాకా ఇలాంటి సాయంత్రాలు ఇంకా ఉంటాయి. పిడుగు హెచ్చరికలు ఇప్పుడు ఫోనుకే వస్తున్నాయి, విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్లు పంపుతున్నారు. చదవకుండా తుడిచెయ్యకండి. పిడుగు ఎత్తైన దాన్ని వెతుక్కుంటుంది. మన గట్ల మీద తాటిచెట్టు కన్నా ఎత్తైనది ఏముంది? దాని కింద నీడ ఉంది కదా అని గొడ్డుని కట్టేస్తాం, కట్టు తాడు ఉంది కాబట్టి అది పారిపోలేదు. ఏటా వేసవి వానల్లో పేపర్లో చివరి పేజీలో రెండు లైన్ల వార్త వస్తుంది, పిడుగుపాటుకి ఫలానా ఊళ్లో పాడి గేదె మృతి అని. ఆ ఇంటికి అది నెల జీతం పోయినట్టే. ఇక పిట్టలకి నీళ్లు పెట్టేవాళ్లు వెడల్పుగా, లోతు లేని మూకుడు పెట్టండి. రోజూ పారబోసి కొత్త నీళ్లు పొయ్యండి, లేకపోతే దోమల్ని పెంచినవాళ్లవుతాం. వీధి కుక్క కూడా అందులోనే మూతి పెడుతుంది, పెట్టనివ్వండి.

నేను ఈ మాటలు చెబుతుండగా మీ ఊళ్లో పడమట దిక్కు నల్లబడి ఉంటే, గేదె ఇంకా గట్టు మీద చెట్టు కిందే ఉండి ఉంటే, రేడియో అలా వాగుతూ ఉండనిచ్చి ముందు లేచి వెళ్లండి. తాడు విప్పి కొట్టంలోకి తోలండి. వెళ్లేటప్పుడు కళ్లం మీద బరకం నాలుగు మూలలా రాళ్లు ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. తర్వాత వచ్చే కార్యక్రమం సగం నుంచి విన్నా అర్థమవుతుంది.